పొట్టిదైనా గట్టిది: ప్రయాణాలకు ట్రైపాడ్ ఎంచుకోవడం ఎలా?

గుడిస కొండ మీద పొద్దు పొడుస్తుంటే ఫొటో తియ్యాలి. జలతరంగిణి దగ్గర నీళ్లు నున్నగా జారుతున్నట్టు తియ్యాలి. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసేచోట చీకటిపడేదాకా ఉండి తియ్యాలి. ఇవన్నీ మీ మనసులో ఉన్నాయి. కెమెరా ఉంది, లెన్సుంది. మరి ట్రైపాడ్?

"ఉందండీ, అటక మీద ఉంది" అంటారా? చాలామంది చెప్పే జవాబు ఇదే. పెళ్లిళ్ల వీడియోలకు వాడే రకం స్టాండ్ ఒకటి కొంటారు. మూడు కిలోలుంటుంది. మొదటి ప్రయాణంలో మోస్తారు, రెండోసారి కారులో వదిలేస్తారు, మూడోసారి ఇంట్లోనే ఉండిపోతుంది. తరవాత విసుగొచ్చి ఆన్‌లైన్‌లో చేతికందినంత తేలికైనది తెప్పిస్తారు. అది గాలికి ఊగుతుంది, ఫొటోలన్నీ షేక్ అవుతాయి. దాంతో "ట్రైపాడ్ మనకు అచ్చిరాలేదు" అనుకుంటారు.

అచ్చిరాకపోవడమేమీ లేదు. ఎంచుకునేటప్పుడు తగ్గించుకోకూడనిది తగ్గించుకున్నారు, అంతే. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. బరువు తగ్గాలంటే ఎత్తు వదులుకోండి. కాళ్ల లావు మాత్రం వదులుకోవద్దు.

కొట్లో రెండు ట్రైపాడ్లు పెట్టారనుకోండి. రెండూ కిలో పావే. ఒకటి అయిదు సెక్షన్లతో ఆరడుగుల మనిషి కళ్లదాకా లేస్తుంది. రెండోది నాలుగు సెక్షన్లతో మీ ఛాతీ దాకా వచ్చి ఆగిపోతుంది. కొట్టాయన మీకు మొదటిదే చూపిస్తాడు. "చూడండి బాబూ, ఎంతెత్తు లేస్తాదో!" అంటాడు. అంత తక్కువ బరువులో అంత ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చింది? కాళ్లను సన్నగా సాగదియ్యడం వల్ల వచ్చింది. మీరు రెండోదే అడగండి.

ముందు మీ నేల చూసుకోండి

ట్రైపాడ్ గురించి చదివేటప్పుడు మనకు ఎక్కువగా మంచు కొండలు, రాతి లోయలు కనిపిస్తాయి. మన దగ్గర పరిస్థితి వేరు. రాజమండ్రి నుంచి ఒక పగటి ప్రయాణంలోనే నేల నాలుగైదు రకాలుగా మారిపోతుంది. లంకల్లో ఇసుక, కోరింగ మడ అడవుల్లో బురద, మారేడుమిల్లి జలపాతాల దగ్గర నాచు పట్టిన బండలు, గుడిస మీద గడ్డి, దాంతోపాటు ఈదురుగాలి. ఇక పాపికొండల దారిలో అసలు నేలే లేదు, బోటు డెక్కు. వీటన్నిటికీ ఒక్క ట్రైపాడే కొంటారు కాబట్టి, వీటిలో మీరు ఎక్కువసార్లు వెళ్లేది ఎక్కడికో ముందు తేల్చుకోండి.

కొనడానికి ముందు మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాసుకోమంటాను.

ఎలా వెళ్తారు? రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఎనభై కిలోమీటర్లకు పైనే. బైకు మీదయితే బ్యాగు వీపున ఉంటుంది, కాబట్టి మడిచినప్పటి పొడవు ముఖ్యం. బ్యాగు పైకి పొడుచుకొచ్చిన ట్రైపాడ్ హెల్మెట్‌కు తగులుతూనే ఉంటుంది. ఆర్టీసీ బస్సయితే కొంచెం పొడవున్నా ఫరవాలేదు. కారులో వెళ్లి దిగి వంద అడుగులు నడిచే వాళ్లకు ఈ అధ్యాయంలో సగం అవసరం లేదు, హాయిగా బరువైనదే కొనుక్కోవచ్చు.

మీ లెన్సుల్లో బాగా బరువైనది ఏది? ట్రైపాడ్ మోయాల్సింది దాన్నే. మామూలు కిట్ లెన్సయితే తేలిక ట్రైపాడ్ చాలు. కాకినాడ కుర్రాడొకడు కోరింగలో పక్షుల కోసం 150–600 లెన్సు కొన్నాడనుకోండి. ఆ లెన్సే రెండు కిలోల దాకా ఉంటుంది. దాన్ని తేలిక ట్రైపాడ్ మీద పెడితే ప్రతి కదలికా పెద్దదై కనిపిస్తుంది. అతనికి నా సలహా మోనోపాడ్. ఒక్క కాలు, అరకిలో చిల్లర బరువు, ఎగిరే పక్షితో పాటు తిప్పుకోవచ్చు.

ఏం తీస్తారు? జలపాతాలు, రాత్రి ఆకాశం, తెల్లవారుజాము కొండలు, చీకటి వేళ ఘాట్లు అయితే ట్రైపాడ్ తప్పదు. మనుషులు, సంతలు, బోటు ప్రయాణం అయితే తీసుకెళ్లినా బ్యాగులోంచి బయటికి రాదు. రావులపాలెంలో ఒక టీచరమ్మ సెలవుల్లో ఫోనుతోనే ఫొటోలు తీస్తారనుకుందాం. ఆవిడకు అరకిలో లోపు బుల్లి స్టాండ్, గట్టి ఫోన్ క్లాంపు చాలు. అంతకు మించి ఖర్చు పెట్టొద్దు.

కొనేటప్పుడు చూడాల్సినవి

1. బరువు అడిగినప్పుడు తలతో కలిపి అడగండి. చాలా చోట్ల కాళ్ల బరువు ఒక్కటే రాసి, పైనుండే బాల్ హెడ్ బరువు విడిగా ఉంచుతారు. అది మరో పావుకిలో నుంచి నాలుగొందల గ్రాముల దాకా ఉండొచ్చు. వీపున మోసే ప్రయాణాలకు రెండూ కలిపి కిలో నుంచి కిలోన్నర మధ్య ఉంటే మంచిది. కిలో లోపువి ఫోనుకూ చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలకూ సరిపోతాయి. వాటి మీద బరువైన డీఎస్‌ఎల్‌ఆర్ పెట్టి గాలిలో నిలబడమంటే నిలబడవు.

2. చివరి కాలు పట్టుకుని చూడండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. ట్రైపాడ్ కాళ్లు ఒకదానిలోకి ఒకటి జారే గొట్టాలు. పైది లావు, కిందికి వెళ్లేకొద్దీ సన్నం. సెక్షన్లు పెరిగేకొద్దీ మడిచినప్పుడు పొట్టిగా అవుతుంది, చివరి గొట్టం మాత్రం పుల్లలా మిగులుతుంది. మొత్తం బరువు నేలకు దిగేది ఆ పుల్ల మీదుగానే. గొట్టం గోడ మందం, పదార్థం ఒకటే అయితే, 22 మిల్లీమీటర్ల గొట్టం కన్నా 28 మిల్లీమీటర్ల గొట్టం వంగకుండా నిలబడే శక్తి దాదాపు రెండింతలు. కొద్దిపాటి లావుకు అంత తేడా. కొట్లో స్కేలు దొరక్కపోతే మీ చిటికెన వేలే కొలత. చివరి సెక్షన్ అంతకన్నా సన్నగా ఉంటే పక్కన పెట్టెయ్యండి. బ్యాక్‌ప్యాక్ ప్రయాణాలకు నాలుగు సెక్షన్లు మధ్యేమార్గం. అయిదు సెక్షన్లది బైకు మీద తిరిగేవాళ్లు తప్పనిసరైతేనే తీసుకోవాలి.

3. ఎత్తును సెంటర్ కాలమ్ దించి కొలవండి. పెట్టె మీద రాసే ఎత్తు మధ్యలో ఉండే కడ్డీ పూర్తిగా లేపినప్పటిది. ఆ కడ్డీ లేపితే మూడు కాళ్ల ట్రైపాడ్ మీద ఒంటికాలి స్టాండ్ ఎక్కించినట్టే. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి కాళ్లు 135 సెంటీమీటర్లు లేస్తే, పైన బాల్ హెడ్, కెమెరా కలుపుకుని వ్యూఫైండర్ దాదాపు కళ్లకు వస్తుంది. మీ కెమెరా స్క్రీన్ పైకి తిరిగే రకమైతే 115–120 చాలు. వెన్నునొప్పి ఉన్నవాళ్లు మాత్రం ఈ విషయంలో రాజీ పడొద్దు, కాస్త బరువైనా ఎత్తుదే తీసుకోండి.

4. మడిచిన పొడవు మీ బ్యాగుతో చూసుకోండి. కాళ్లు వెనక్కి తిరిగి తల చుట్టూ మడుచుకునే రకాలు 40 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చేస్తాయి. బ్యాగు పక్క జేబులో దిగుతుంది, పైన పట్టీ బిగించవచ్చు. కాకపోతే అలా మడిచినవి విప్పడానికి అరనిమిషం ఎక్కువ పడుతుంది.

5. అల్యూమినియమా, కార్బనా? 1994లో జిట్జో కంపెనీ కార్బన్ ఫైబర్ కాళ్ల ట్రైపాడ్ తెచ్చాక ఈ ప్రశ్న మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. అసలు తేడా ఎంతో ఒకే మోడల్లో చూద్దాం. 2019లో వచ్చిన పీక్ డిజైన్ ట్రావెల్ ట్రైపాడ్ అల్యూమినియంలో 1.56 కిలోలు, కార్బన్‌లో 1.27 కిలోలు. తేడా 290 గ్రాములు. దానికి పెట్టాల్సిన డబ్బు మాత్రం చాలా ఎక్కువ. మీకు స్తోమత ఉంటే కార్బన్ కొనండి. అది తుప్పు పట్టదు, చలిలో చెయ్యి కొరకదు, తట్టినప్పుడు కదలిక త్వరగా ఆగుతుంది. స్తోమత లేకపోతే బెంగ పడాల్సిన పని లేదు. బ్యాగు విప్పి చూసుకోండి. రెండో పవర్ బ్యాంకు, ఎప్పుడూ వాడని మూడో లెన్సు, ఇంటినుంచి తెచ్చుకున్న లావుపాటి టవలు తీసేస్తే 290 గ్రాములు తేలిగ్గా దిగుతాయి. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు మంచి అల్యూమినియమే కొనమంటాను.

6. లాకులు తడి చేత్తో తిప్పి చూడండి. తిప్పి బిగించేవి ట్విస్ట్ లాకులు, మీట లాగి మూసేవి ఫ్లిప్ లాకులు. ట్విస్ట్ రకం సన్నగా ఉండి బ్యాగులో తగులుకోదు. ఒకే పట్టుతో మూడూ కలిపి తిప్పేసుకోవచ్చు. కానీ లోపల ఇసుక పడితే కరకరలాడుతుంది. ఫ్లిప్ రకం బిగిసిందో లేదో చీకట్లోనైనా తెలుస్తుంది. మంచివైతే రెండూ బాగుంటాయి. మీ అమ్మాయో అబ్బాయో కూడా వాడతారంటే ఫ్లిప్ తీసుకోండి.

7. బాల్ హెడ్‌కు అర్కా స్విస్ రకం ప్లేటుందా? ఇది తప్పకుండా అడగండి. కెమెరా అడుగున బిగించే చిన్న పలకే ప్లేటు. కొన్ని కంపెనీల ప్లేట్లు వాటి హెడ్‌కే సరిపోతాయి. అది ప్రయాణంలో పోయిందంటే ట్రైపాడ్ ఉన్నా లేనట్టే. అర్కా రకమైతే ఇంకెవరి దగ్గరైనా అడిగి తీసుకోవచ్చు, ఏ కంపెనీదైనా కొనుక్కోవచ్చు. ప్లేటు మర బిగించడానికి రూపాయి బిళ్ల సరిపోతుందో, చిన్న ఎలెన్ కీ కావాలో చూసుకుని, ఆ కీని ట్రైపాడ్ కాలికే కట్టుకోండి.

8. కిందికి కొక్కెం ఉందా? మధ్య కడ్డీ చివర బ్యాగు తగిలించే చిన్న కొక్కెం. గుడిస వెళ్లేవాళ్లకు ఇది తప్పనిసరి.

కొట్లో మొహమాటపడొద్దు

"పది కేజీలు మోస్తాదండి, ఆయ్!" అని కొట్టాయన హామీ ఇస్తాడు. పెట్టె మీదా అదే ఉంటుంది. ఆ అంకెను నమ్మి కొనొద్దు. మోయగల బరువును లెక్కగట్టడానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలమానం ఏదీ లేదు, ఎవరి లెక్క వారిది. విరిగిపోకుండా మోయడం ఒకటి, ఊగకుండా నిలపడం మరొకటి. మీకు కావాల్సింది రెండోది.

కాబట్టి మీ కెమెరా, మీ బరువైన లెన్సు వెంట తీసుకెళ్లండి. కాళ్లు పూర్తిగా లాగి, సెంటర్ కాలమ్ దించి కెమెరా ఎక్కించండి. స్క్రీన్ మీద దూరంగా ఉన్న ఏదైనా బోర్డును పెద్దది చేసి చూడండి. ఇప్పుడు ఒక కాలిని గోటితో మెల్లగా తట్టండి. బోర్డు మీది అక్షరాలు వణుకుతాయి, వణకడం తప్పు కాదు. ఎంతసేపటికి ఆగాయి? "ఒకటి" అనేలోపు ఆగితే మంచి ట్రైపాడ్. "మూడు" అన్నా ఇంకా కదులుతుంటే వద్దు.

తరవాత కెమెరాను ముందుకు వంచి బాల్ హెడ్ బిగించండి. చెయ్యి వదిలాక లెన్సు కొంచెమైనా జారిందా? జారితే, జలపాతం దగ్గర మీరు పెట్టుకున్న ఫ్రేమూ అలాగే జారిపోతుంది. కెమెరా తీసేసి ఒక్కో కాలి మీదా చేత్తో గట్టిగా అదమండి. లాకు దిగకూడదు. ఇదంతా అయిదు నిమిషాల పని. దానికి ఒప్పుకోని కొట్టును వదిలెయ్యండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఇవే పరీక్షలు ఇంట్లో, వాపసు గడువు దాటకముందే చెయ్యండి. చాలామంది పెట్టె విప్పకుండా దాచి, తీరా ప్రయాణం ముందు రోజు విప్పుతారు. అప్పటికి గడువు దాటిపోతుంది.

నేలను బట్టి నిలపడం

మంచిది కొన్నాక దాని సత్తా సగం మీ చేతుల్లోనే ఉంది. తేలిక ట్రైపాడ్ బరువైనదానిలా తనంతట తాను నిలబడదు, మీరు నిలబెట్టాలి.

గట్టి నేల మీద పై సెక్షన్లు ముందు లాగండి. లావు గొట్టాలు పని చేస్తుంటే సన్నవి లోపలే ఉండనివ్వండి. ఇసుకలో, నీళ్లలో మాత్రం దీన్ని తిరగెయ్యాలి. అక్కడ అన్నిటికన్నా కింది సన్న సెక్షన్ ముందు పూర్తిగా లాగండి. ఎందుకంటారా? అప్పుడు దాని లాకు ఇసుకకు, నీటికి పైన ఉండిపోతుంది. లాకు మునిగితే ఇసుక లోపలికి వెళ్లి కూర్చుంటుంది. ఒక్క అంతర్వేది సాయంత్రం చాలు, ఆ ట్రైపాడ్ జీవితాంతం కరకరలాడటానికి.

ఇసుకలో కాళ్లను పూర్తిగా విప్పి కిందికి నొక్కకండి. ఇసుక దిగబడేకొద్దీ కాళ్లు ఇంకా వెడల్పవ్వాలని చూస్తాయి, పైన జాయింటు మీద ఒత్తిడి పడి పగులుతుంది. కొంచెం దగ్గరగా ఉంచి, ఒక్కో కాలినీ అటూ ఇటూ ఆడిస్తూ దించితే అవే సర్దుకుంటాయి. అలలు వచ్చే చోటయితే, అల వెనక్కి వెళ్లేటప్పుడు కాలి కింద ఇసుక కోసుకుపోతుంది. ప్రతి రెండు మూడు ఫొటోలకు ఒకసారి లెవెల్ చూసుకోవాలి. కెమెరా పట్టీ మెడలోనే ఉంచుకోండి.

బురదలో దిగబడకుండా కాలి కింద వెడల్పయినది ఏదైనా కావాలి. కోనసీమలో దానికి కొదవలేదు, మూడు కొబ్బరి చిప్పలు వెల్లకిలా పెట్టి వాటిలో కాళ్లు పెట్టండి. కోరింగలో నడిచేది చెక్కల వంతెన మీద కాబట్టి బురద గొడవ ఉండదు. అక్కడ చిక్కల్లా చెక్కలతోనే. పది గజాల అవతల ఎవరు నడిచినా మీ చెక్క ఊగుతుంది. జనం దాటేదాకా ఆగి, రెండు సెకన్ల టైమర్ పెట్టి తీయండి. లేదా పొద్దున్నే గేటు తియ్యగానే వెళ్లండి. అభయారణ్యాల్లో కెమెరాకు విడిగా టికెట్ ఉండొచ్చు. టికెట్ తీసుకునేటప్పుడే ట్రైపాడ్ సంగతీ అడిగేస్తే లోపల మాట పడక్కర్లేదు.

జలపాతాల దగ్గర, జలతరంగిణి అయినా అమృతధార అయినా, అర సెకను షట్టర్ స్పీడ్ దగ్గర మొదలుపెట్టండి. నీటి వేగాన్ని బట్టి పెంచడమో తగ్గించడమో చెయ్యండి. రెండు కాళ్లు కింది బండల మీద, ఒకటి మీ వైపు ఎగువన ఉండాలని కొందరు, ఒక కాలు దిగువకు ఉండాలని మరికొందరు చెప్తారు. నేను చెప్పేది రెండోది. వాలుగా ఉన్న బండ మీద ఒక కాలు దిగువకు చాపి, మిగతా రెండూ మీ వైపు పొట్టిగా ఉంచండి. పడితే లెన్సు ముందుకు పడుతుంది కాబట్టి ఆపే కాలు ఆ వైపే ఉండాలి. వర్షాకాలం ముగిశాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీళ్లుంటాయి, దారీ బాగుంటుంది. వరద రోజుల్లో బండల మీదికి వెళ్లొద్దు. ఏ ఫొటో కోసమూ వెళ్లొద్దు.

గుడిస మీద చలికాలం తెల్లవారుజామున గాలి నిలవనివ్వదు. అక్కడ చుట్టూ గడ్డే, ఆనుకోవడానికి చెట్టూ లేదు. ట్రైపాడ్‌ను మోకాలి ఎత్తుకు దించేసి మీరు కూర్చోండి. కొండ మీంచి కిందికి తీస్తున్నప్పుడు కెమెరా అయిదడుగుల ఎత్తులో ఉన్నా రెండడుగుల ఎత్తులో ఉన్నా దృశ్యంలో పెద్ద తేడా రాదు. కొక్కేనికి బ్యాగు తగిలించండి, కానీ గాలిలో వేలాడనివ్వకండి. వేలాడే బ్యాగు ఊగి ట్రైపాడ్‌నూ ఊపుతుంది. బ్యాగు అడుగు నేలకు ఆనేలా పట్టీ సర్దండి. మెడలో వేసుకునే పట్టీ గాలికి రెపరెపలాడుతుంటే దాన్నీ విప్పి జేబులో పెట్టుకోండి. ఇలా చేస్తే కిలోంబావు ట్రైపాడ్ కూడా కదలదు.

పాపికొండల బోటులో ట్రైపాడ్ విప్పొద్దు. ఇంజను అదురు డెక్కు మీంచి కాళ్ల ద్వారా నేరుగా కెమెరాకు ఎక్కుతుంది. చేత్తో పట్టుకుని, షట్టర్ స్పీడ్ 1/500 పైన పెట్టి తీస్తేనే ఫొటో బాగుంటుంది. ఇంకో కారణం ఇంతకన్నా పెద్దది. నడిచే దారిలో మూడు కాళ్లు చాపితే అత్యవసరంలో అందరికీ అడ్డం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం గోదావరి జిల్లాల వాళ్లం ఎవరం మరిచిపోలేం. లైఫ్ జాకెట్ వేసుకోండి, దాని మీదుగా బ్యాగు పట్టీలు వెయ్యకండి. పేరంటాలపల్లిలో బోటు ఆగినప్పుడు దిగి, గుడి వాళ్లను అడిగి, అప్పుడు విప్పండి.

రాజమండ్రిలో అయితే వంతెనలు. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మీద నిలబడి గోదావరిని తీద్దామని చాలామందికి ఉంటుంది. పైన లారీలు, కింద రైళ్లు. ట్రైపాడ్ ఎంత మంచిదైనా నేలే అదురుతుంటే ఏం చెయ్యగలదు? పైగా బండ్ల మధ్య ప్రమాదం. ఘాట్ల మీంచి తియ్యండి. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెన, పక్కనే ఆర్చి వంతెన ఒకే ఫ్రేములో వస్తాయి. కింద రాతి మెట్లు కదలవు. పుష్కర ఘాట్‌లో సాయంత్రం హారతి వేళ మాత్రం ట్రైపాడ్ మడిచెయ్యండి, లేదా పై మెట్టు మీద గోడ వారగా పొట్టిగా పెట్టుకోండి. దండం పెట్టుకోవడానికి వచ్చిన పెద్దవాళ్ల కాళ్లకు అది తగలకూడదు. 2027 పుష్కరాలకు తీసుకెళ్లాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఆ జనంలో మూడు కాళ్లకు చోటుండదు.

ట్రైపాడ్ లేని చోట ఏం చెయ్యాలి? ఒక చిన్న గుడ్డ సంచి మడిచి బ్యాగులో పెట్టుకోండి. దిగిన ఊళ్లో కిలో బియ్యం కొని అందులో పోసి మూతి కట్టండి. పిట్టగోడ మీద, బండ మీద, కారు కిటికీ మీద పెట్టి దానిలో కెమెరాను ఒత్తితే చక్కగా కుదురుకుంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ బియ్యం ఎవరికైనా ఇచ్చేయండి.

ఇంటికొచ్చాక

ఉప్పునీటి దగ్గర వాడితే అదే రాత్రి కడగాలి. "రేపు చూద్దాం" అనొద్దు. ఇసుక అంటిన కాలిని లోపలికి తొయ్యకండి, తోస్తే గొట్టం గీసుకుపోతుంది. కాళ్లన్నీ బయటికి లాగిన మీదటే మంచినీళ్లు పొయ్యండి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరునీళ్లూ ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడగనట్టే. తాగే నీళ్లు రెండు సీసాలు చాలు. కార్బన్ కాళ్లయినా జాయింట్లు, మరలు లోహమే కాబట్టి ఈ జాగ్రత్త దానికీ ఉంది. పూర్తిగా ఆరాక మడవండి. లాకు బిగుసుకుంటోందని కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. జిడ్డుకు ఇసుక ఇంకా అంటుకుంటుంది, అది వద్దు. లాకు విప్పి, పొడిగుడ్డతో తుడిచి, కంపెనీ చెప్పిన గ్రీజు ఉంటే కొంచెం రాస్తే చాలు.

ఇక మిగిలింది చేతికి అలవాటు చేసుకోవడం. దానికి ప్రయాణం దాకా ఆగకండి. కొన్న సాయంత్రమే డాబా మీదికి తీసుకెళ్లి, లైటు ఆర్పేసి, చీకట్లో మూడు కాళ్లూ విప్పండి. కెమెరా ఎక్కించండి, దించండి, మళ్లీ మడవండి. మొదటిరోజు ఏ లాకు ఎటు తిరుగుతుందో తెలియక తికమకపడతారు, ఫరవాలేదు. టార్చి లేకుండా రెండు నిమిషాల్లో అయిపోయేదాకా రోజూ చెయ్యండి. వారం తిరిగేసరికి వచ్చేస్తుంది. అప్పుడు గుడిసకు టికెట్లో, బండో చూసుకోండి.